పళ్లు సరిగ్గా కలవకపోతే ఏమవుతుంది? బైట్, దవడ ఆరోగ్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

క్లిప్పులు వేయించుకోవాలా వద్దా అని అడిగేవాళ్లలో ఎక్కువమంది అద్దం చూసుకుని వచ్చినవాళ్లే. అద్దంలో కనబడేది పళ్ల వరుస. నోటికి మేలో కీడో చేసేది మాత్రం నోరు మూసినప్పుడు పై పళ్లు, కింది పళ్లు ఒకదానితో ఒకటి కలిసే తీరు. దంతవైద్యులు దాన్నే బైట్ అంటారు. వరుస చక్కగా ఉండి బైట్ చెడిన నోళ్లున్నాయి. వరుస వంకరగా ఉన్నా హాయిగా చెరకు నమిలేసే నోళ్లూ ఉన్నాయి.

బైట్ సరిగ్గా ఉండటమంటే ఎలా ఉండాలి?

పై వరుస కింది వరుసను డబ్బా మీద మూతలా బయటి నుంచి కాస్త కప్పాలి. ముందు పళ్ల దగ్గర ఆ ఎడం 2-3 మిల్లీమీటర్లు. నిలువుగా చూస్తే పై పళ్లు కింది పళ్లను మూడో వంతు దాకా దాస్తాయి. వెనక దవడ పళ్లు రెండు పక్కలా ఒకేసారి ఆనాలి. ఒక పక్క ముందుగా తగిలి, దవడ జరిగాక గానీ రెండో పక్క కుదురుకోకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

మీ రిపోర్టులో క్లాస్ 1, క్లాస్ 2, క్లాస్ 3 అని ఉంటే అది జబ్బు ముదిరిన స్థాయి కాదు. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో చేసిన విభజన అది. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పళ్లు, పైదీ కిందిదీ, ఎక్కడ కలుస్తున్నాయన్నదే దాని లెక్క. కింది పన్ను ఉండాల్సిన చోటే ఉంటే క్లాస్ 1, ఆ చోటికి వెనక్కి ఉంటే క్లాస్ 2, ముందుకు ఉంటే క్లాస్ 3. క్లాస్ 3 అని చదివి క్యాన్సర్ మూడో స్టేజీలా బెంబేలెత్తేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు.

వంకర పళ్లన్నీ నోటికి హాని చేస్తాయా?

చేయవు. కోర పన్ను కొంచెం తిరిగి ఉంది, ముందు రెండు పళ్ల మధ్య సందు ఉంది అన్నవి చాలావరకు అందానికి సంబంధించినవి. నచ్చకపోతే సరిచేయించుకోవచ్చు, నచ్చితే వదిలేయవచ్చు. కింది రకాలను మాత్రం అలా వదిలేయకూడదు.

మొదటిది లోతు బైట్. పై పళ్లు కింది పళ్లను దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. నోరు మూసిన ప్రతిసారీ కింది ముందు పళ్ల అంచులు పై అంగిలి చిగురులోకి గుచ్చుకుంటాయి. అక్కడ చిగురు వాస్తుంది, పుండు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పై పళ్ల వెనక చిగురు తగ్గిపోయి వేళ్లు బయటపడతాయి. బయటి నుంచి చూస్తే ఆ మనిషి నవ్వు చక్కగానే ఉంటుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు.

రెండోది ఎత్తుపళ్లు. వీటి అసలు ముప్పు దెబ్బలు. సైకిల్ మీంచి బోర్లా పడ్డ పిల్లాడికి పెదవి కంటే ముందు నేలకు తగిలేది ఆ పన్నే. పెదవులు మూతపడకపోవడంతో ముందు చిగుళ్లు ఎండి ఎర్రబడతాయి.

మూడోది అడ్డ బైట్, అంటే పై పళ్లు కింది పళ్లకు లోపలి వైపు పడటం. ముందు పళ్లలో ఒక్క పన్ను అలా ఉన్నా దానికి ఎదురుగా ఉన్న కింది పన్ను రోజూ దెబ్బలు తింటూ బయటికి జరుగుతుంది, దాని చిగురు దిగిపోతుంది. వెనక పళ్లలో ఒక పక్కే ఉంటే పిల్లలు పళ్లు కుదరడానికి దవడను ఆ పక్కకు జరిపి మూస్తారు. ఎదిగే వయసులో ఏళ్ల తరబడి అలాగే సాగితే ముఖం కూడా ఒక పక్కకు తిరిగినట్టు పెరిగే అవకాశం ఉంది. పిల్లల్లో కనిపించగానే సరిచేయమని వైద్యులు తొందరపెట్టేది ఎక్కువగా దీన్నే.

నాలుగోది తెరిచిన బైట్. వెనక పళ్లు ఆనినా ముందు పళ్ల మధ్య ఖాళీ మిగిలిపోతుంది. వీళ్లు జామకాయను ముందు పళ్లతో కొరకలేరు, పక్కకు తిప్పి కొరుకుతారు. స, శ లాంటి అక్షరాలు పలికేటప్పుడు నాలుక ఆ సందులోకి వచ్చేస్తుంది. నమిలే భారమంతా కొన్ని దవడ పళ్ల మీదే పడి అవి అరుగుతాయి.

పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమంటారు కదా?

అదృష్టం సంగతి పెద్దవాళ్లకే వదిలేద్దాం. బ్రష్ దూరని ఆ సందులో పాచి చేరడం మాత్రం ఖాయం. పాచి గట్టిపడి గారవుతుంది, చిగురు వాస్తుంది, పక్క పన్ను పుచ్చుతుంది. క్లిప్పులు వద్దనుకుంటే సందుల్లో తోముకునే చిన్న బ్రష్షు ఒకటి కొనుక్కోండి. ఆరు నెలలకోసారి పళ్లు క్లీనింగ్ చేయించుకోండి. పళ్లు వంకరగా ఉన్నా శుభ్రంగా ఉంటే చిగుళ్లు బాగానే ఉంటాయి.

నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమంటోంది. బైట్ సరిగ్గా లేకనేనా?

ఈ ప్రశ్నకు చాలాచోట్ల ‘అవును’ అనే జవాబు దొరుకుతుంది. అది నిజం కాదు.

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. కదులుతున్నది దవడ కీలు. అందులో రెండు ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది. అది కొంచెం ముందుకు జారి ఉంటే, నోరు తెరిచేటప్పుడు దవడ ఎముక దాని మీదికి ఎక్కుతుంది. ఆ క్షణంలో వచ్చేదే ఆ శబ్దం. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యమేమీ అక్కర్లేదు. ఎంతోమందికి ఉంటుంది, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇక నొప్పి సంగతి. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి-ముక్కు-గొంతు వైద్యుడు పళ్లు పోయి బైట్ కుంగడం వల్లే చెవి నొప్పి, దవడ నొప్పి వస్తాయని రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దవడ నొప్పితో వచ్చినవాళ్ల పళ్లు అరగదీసి బైట్ సరిచేయడం వైద్యంగా చెలామణీ అయింది. తర్వాతి పరిశోధనలు ఆ వాదాన్ని నిలబెట్టలేదు. దవడ పట్టేయడానికి చాలా కారణాలు కలిసి వస్తాయి: పళ్లు బిగించే అలవాటు, మానసిక ఒత్తిడి, నిద్ర చాలకపోవడం, పాత దెబ్బ, కీళ్లవాతం. అందులో బైట్ వాటా ఉన్నా చిన్నదే. క్లిప్పులు వేస్తే దవడ నొప్పి పుట్టుకొస్తుందన్న భయానికీ ఆధారం లేదు, క్లిప్పులతో దవడ నొప్పి పోతుందన్న హామీకీ ఆధారం లేదు.

కాబట్టి దవడ నొప్పి ఒక్కదానికే క్లిప్పులు వేయాలన్నా, నోట్లో పళ్లన్నిటికీ క్యాపులు పెట్టి బైట్ పెంచాలన్నా ఇంకో డాక్టరు అభిప్రాయం అడగండి. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు.

ముందు చేయాల్సింది చాలా మామూలు పని. రెండు మూడు వారాలు మెత్తటి తిండి తినండి, చూయింగ్ గమ్ మానండి, దవడ కండరాలకు వేడి కాపడం పెట్టండి, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించండి. అన్నిటికంటే ముఖ్యం, పెదవులు కలిసి ఉన్నా పళ్లు విడిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజు మొత్తంలో పళ్లు పళ్లు తగిలేది నమిలేటప్పుడు, మింగేటప్పుడే. అంతా కూడితే అరగంట కూడా ఉండదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడిపేటప్పుడు ఒకసారి గమనించుకోండి, మీ పళ్లు ఆనే ఉంటాయి.

మా బాబు నిద్రలో పళ్లు కొరుకుతాడు. నులిపురుగులా, బైటా?

సాధారణంగా రెండూ కాదు. పిల్లల్లో ఇది మామూలే, శాశ్వత పళ్లు వచ్చే వయసులో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు, అది పురుగుల కోసం తప్పకుండా వేయించండి. పళ్లు కొరకడం ఆగుతుందని మాత్రం ఆశపడకండి. బాబు గురక పెడుతూ, నోరు తెరిచి నిద్రపోతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

పెద్దవాళ్లకైతే రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డు చేసిస్తారు. కొరకడాన్ని అది ఆపదు, పళ్లు అరగకుండా అడ్డుపడుతుంది.

పిల్లల్ని ఏ వయసులో చూపించాలి? పాల పళ్లన్నీ ఊడాక కదా?

అంతదాకా ఆగొద్దు. అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరుస, బైట్ సరిచేసే నిపుణుల) సంఘం ఏడేళ్లలోపు ఒకసారి చూపించమంటుంది, మనకూ అది సరిపోయే సలహానే. చూపించడం అంటే క్లిప్పులు వేయించడం కాదు. ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువమందిని చూసి ‘ఇప్పుడేం వద్దు, ఏడాది తర్వాత రండి’ అని పంపేస్తారు.

ఏడేళ్లే ఎందుకంటే, అప్పటికి ఆరేళ్ల దవడ పన్ను వచ్చి ఉంటుంది. ఏ పాల పన్నూ ఊడకుండానే వాటి వెనక వస్తుంది కాబట్టి దాన్నీ పాల పన్నే అనుకుని, పుచ్చినా ‘ఎలాగూ ఊడిపోతుందిలే’ అని వదిలేసే తల్లిదండ్రులు మన దగ్గర చాలామంది. అది ఊడదు, ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను. బైట్ అంతా దాని చుట్టూ కుదురుకుంటుంది.

కొన్ని పనులు ఎదిగే వయసులోనే తేలిగ్గా అవుతాయి. ఇరుకైన పై దవడను వెడల్పు చేయాలంటే అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడకుండా ఉండాలి. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు తీసి పెట్టుకునే ప్లేట్లు పనిచేసేది ఒక్కసారిగా పొడవయ్యే వయసులో, అంటే ఆడపిల్లలకు సుమారు 10-12, మగపిల్లలకు 12-14 ఏళ్లప్పుడు. ‘పది పరీక్షలయ్యాక చూద్దాం’ అనేసరికి ఆ అదను దాటిపోతుంది. నా దృష్టిలో తల్లిదండ్రులు చేసే వాయిదాల్లో ఖరీదైనది ఇదే.

వేలు చీకితే పళ్లు ఎత్తుగా వస్తాయా?

మూడు నాలుగేళ్లలోపు మానితే చాలావరకు సర్దుకుంటుంది. శాశ్వత ముందు పళ్లు వచ్చే ఆరేళ్ల వయసులోనూ సాగితే పై పళ్లు ముందుకు తోసుకొస్తాయి, ముందు భాగంలో బైట్ తెరుచుకుంటుంది. వేలికి కారం, వేపాకు పసరు రాయడం, నలుగురిలో నవ్వడం వల్ల పిల్లలు దాక్కుని చీకుతారు తప్ప మానరు. మానిన రోజున మెచ్చుకోవడం మేలు. అప్పటికీ కుదరకపోతే అంగిట్లో అమర్చే చిన్న తీగ పరికరం ఉంది.

నోటితో గాలి పీల్చే పిల్లల సంగతి వేరు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు పెరిగి ముక్కు మూసుకుపోతే నాలుక అంగిలిని వదిలి కిందికి దిగిపోతుంది, పై దవడ ఇరుకవుతుంది. అక్కడ ముందు చూడాల్సింది ఈఎన్‌టీ డాక్టరు.

మా ఆయనకు కింది దవడ ముందుకు ఉంటుంది. బాబుకూ అలాగే వస్తోంది. వంశపారంపర్యమా?

బైట్ తేడాల్లో వంశం ప్రభావం బాగా కనిపించేది ఇందులోనే. ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశంలో తరతరాలుగా ఇదే దవడ. ఆ వంశపు చివరి స్పెయిన్ రాజు రెండో చార్లెస్ (1661-1700) తిండి కూడా సరిగా నమలలేకపోయేవాడంటారు. మీ బాబును ఇప్పుడే చూపించండి. ఎనిమిది, తొమ్మిదేళ్లలోపు ముఖానికి తగిలించే మాస్క్ లాంటి పరికరంతో పై దవడను ముందుకు లాగే వీలుంది. ఎదుగుదల ఆగాక తేడా ఎక్కువగా మిగిలితే దవడ ఆపరేషనే దారి. దాన్ని 18 ఏళ్ల లోపు సాధారణంగా చేయరు, మగపిల్లల్లో ఇంకొన్నాళ్లు ఆగుతారు.

లోపలి దవడ పన్ను ఒకటి తీయించేశాను. బయటికి కనిపించదు కదా, పెట్టించకపోతే ఏం?

పెద్దవాళ్లలో చేతులారా బైట్ చెడగొట్టుకునే దారి ఇది. ఖాళీకి వెనకున్న పన్ను ముందుకు ఒరుగుతుంది. ఎదురు వరుసలో పన్నుకు ఆనడానికి ఏమీ లేక మెల్లగా ఆ ఖాళీలోకి దిగుతుంది. సందులు ఏర్పడి మాంసం పీచు, ఆకుకూర ఇరుక్కుంటాయి. నొప్పి రాకుండా రెండో పక్కే నమలడం అలవాటవుతుంది. అయిదారేళ్ల తర్వాత పన్ను పెట్టించుకుందామని వెళ్తే పెట్టడానికి చోటుండదు. ఒరిగిన పన్నును ముందు నిలబెట్టాలి, దిగిన పన్నును తగ్గించాలి. తీయించుకున్న కొద్ది నెలల్లోనే పక్క పళ్ల ఆసరాతో కట్టే బ్రిడ్జో, ఎముకలో బిగించే ఇంప్లాంటో తేల్చుకోండి. అసలు రూట్ కెనాల్‌తో నిలిచే పన్నును ‘నొప్పి పోతే చాలు’ అని పీకించుకోకండి.

క్లిప్పులకు నాలుగు పళ్లు తీయాలంటున్నారు. కంటిచూపు తగ్గదా?

తగ్గదు. చూపుకు నరం వేరు, పళ్లకు నరం వేరు. పన్ను తీసినందువల్ల చూపు పోదు. తీసేవి సాధారణంగా కోర పన్ను వెనక ఉండే చిన్న దవడ పళ్లు, పై నుంచి రెండు, కింది నుంచి రెండు. ఆ చోటులోకి ఎత్తుపళ్లను వెనక్కి తెస్తారు, చివరికి ఖాళీ మిగలదు. అందరికీ తీయనక్కర్లేదు. ఎందుకు తీయాలో, తీయకుండా చేస్తే పళ్లు ఎక్కడికి వస్తాయో ఎక్స్‌రే మీద చూపించి చెప్పమనండి, అది అడగడం మీ హక్కు.

మాది నల్గొండ వైపు. గార పళ్లకు క్లిప్పులు నిలుస్తాయా?

నిలుస్తాయి, కాకపోతే కాస్త ఎక్కువ శ్రమ. నల్గొండలోనూ, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపూ భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల పింగాణీ పొర మచ్చలు పడుతుంది, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. పన్ను మీద క్లిప్పు అంటుకోవాలంటే ముందు యాసిడ్ జెల్‌తో ఆ పొరను గరుకు చేస్తారు. ఫ్లోరైడ్ పట్టిన పొర యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు, అందుకే క్లిప్పులు మాటిమాటికీ ఊడొస్తాయి. డాక్టరు జెల్ ఎక్కువసేపు ఉంచో, పై పొరను సన్నగా రుద్దో అంటిస్తారు. మీ పళ్లకు ఫ్లోరోసిస్ ఉన్నట్టు ముందే మాట్లాడుకుంటే, ఊడిన ప్రతిసారీ ఛార్జీ పడుతుందా లేదా అన్నదీ తేలిపోతుంది.

నలభై దాటింది. ఇప్పుడు వేయించుకోవచ్చా?

వయసు అడ్డు కాదు. పన్ను జరగడమంటే ఒత్తిడి పడ్డ పక్క ఎముక కరగడం, రెండో పక్క కొత్త ఎముక పుట్టడం. అది ఏ వయసులోనైనా జరుగుతుంది, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. అడ్డం వచ్చేది చిగుళ్ల జబ్బు. చిగుళ్లలో చీము, రక్తం ఉండగా క్లిప్పులు బిగిస్తే ఉన్న ఎముక కూడా పోతుంది. ముందు చిగుళ్లకు వైద్యం, తర్వాతే క్లిప్పులు.

ఇన్నాళ్లూ బాగున్న ముందు పళ్ల మధ్య కొత్తగా సందులొస్తుంటే అది బైట్ సమస్యలా కనిపించే చిగుళ్ల సమస్య. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి, ఆ రెండింటికీ చుట్టరికం ఎక్కువ.

పెళ్లి మూడు నెలల్లో ఉంది. ఈలోపు అవుతుందా?

కాదు. మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. మూడు నెలల్లో చేస్తామని మంచి పళ్లను అరగదీసి క్యాపులు తొడిగేవాళ్లున్నారు. ఫొటోల కోసం పాతికేళ్ల వయసులో ఆరోగ్యంగా ఉన్న పళ్లను చెక్కించుకోవద్దు. పెళ్లికి క్లీనింగ్ చేయించుకోండి, క్లిప్పులు పెళ్లయ్యాక మొదలుపెట్టండి.

జ్ఞాన దంతాలు తోయడం వల్లే కింది పళ్లు వంకరయ్యాయా?

ఇరవై దాటాక కింది ముందు పళ్లు కొంత ఇరుకవడం జ్ఞాన దంతాలు లేనివాళ్లకూ జరుగుతుంది. ఆ ఒక్క కారణంతో వాటిని తీయించనక్కర్లేదు.

ఇంటికి తెప్పించుకునే అలైనర్లు, ఇన్‌స్టాలో చూపించే మ్యూయింగ్... పనిచేస్తాయా?

అలైనర్లు, అంటే పళ్లను జరపడానికి వాటి మీద తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, మంచి పరికరమే. చిన్న, మధ్యస్థ తేడాలకు బాగా పనిచేస్తాయి, రోజుకు 20-22 గంటలు పెట్టుకుంటేనే. సమస్యల్లా డాక్టరు నోరు చూడకుండా, ఎక్స్‌రే లేకుండా పోస్టులో వచ్చే అలైనర్లతోనే. చిగురు కింద ఎముక ఎంతుందో తెలియకుండా పళ్లను కదపడం అది. అమెరికాలో అలా ఇళ్లకు పంపిన ఒక పెద్ద కంపెనీ 2023 డిసెంబరులో మూతపడి వైద్యం మధ్యలో ఉన్నవాళ్లను నడిరోడ్డున వదిలేసింది. అక్కడున్న మన పిల్లలు ఇండియా వచ్చినప్పుడు చేయించుకుందామనుకుంటే, నెలనెలా ఎవరు చూస్తారన్నది ముందే ఖాయం చేసుకోవాలి.

మ్యూయింగ్, అంటే నాలుకను అంగిలికి నొక్కిపెట్టి దవడ ఆకారం మార్చుకోవడం. ఎదిగిన మనిషి దవడ ఎముక దానితో మారుతుందనడానికి ఆధారం లేదు.

క్లిప్పులుంటే సంక్రాంతికి సకినాలు తినకూడదా?

తినొచ్చు, పొడి చేసుకుని. జంతికలు, చెగోడీలు, చెరకు, మొక్కజొన్న పొత్తు ముందు పళ్లతో కొరికితే క్లిప్పు ఊడుతుంది. అంతకంటే అసలు ముప్పు క్లిప్పుల చుట్టూ పేరుకునే పాచి. తోమకపోతే క్లిప్పులు తీసిన రోజున వరుస చక్కగా, పళ్ల మీద మాత్రం చతురస్రాకారపు తెల్ల మచ్చలు. తిన్న ప్రతిసారీ పుక్కిలించి, పూటకోసారి తోమాలి.

క్లిప్పులు తీశాక రిటైనర్ ఎంతకాలం?

సరిచేసిన పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే పరికరం రిటైనర్. మొదటి ఏడాది డాక్టరు చెప్పినట్టు. ఆ తర్వాత రాత్రిళ్లు, పళ్లు నిటారుగా ఉండాలని మీరు కోరుకున్నంత కాలం. చిగురు నారలు పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి.

ఎవరికి చూపించాలి? ఖర్చు భరించలేకపోతే?

దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో పీజీ, అంటే ఎండీఎస్, చేసినవాళ్లు ఆర్థోడాంటిస్టులు. బోర్డు మీద ఆ మాట ఉందో లేదో చూడండి, లేకపోతే క్లిప్పులు వేసేదెవరో, నెలనెలా చూసేదెవరో అడగండి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఖర్చు చాలా తక్కువ, ఎదురుచూపు మాత్రం ఎక్కువ. పారదర్శకంగా ఉండే సిరామిక్ క్లిప్పులు, అలైనర్లు ఖరీదెక్కువ. పని విషయంలో స్టీలు క్లిప్పులు వాటికి ఏమాత్రం తీసిపోవు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

నిన్నటిదాకా బాగా కలిసిన పళ్లు ఇవాళ కలవకపోతే. కొత్తగా పెట్టించుకున్న ఫిల్లింగో, క్యాపో ఎత్తుగా ఉందంటే చిన్న సంగతి, రంగు కాగితం కొరికించి అయిదు నిమిషాల్లో తగ్గిస్తారు. దెబ్బ తగిలాక బైట్ మారితే దవడ విరిగి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆవలించి నోరు మూతపడకపోతే కీలు జారినట్టే, బలంగా మూయడానికి చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇంకొకటి. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. రానురాను రెండే పడుతూ, కారం తింటే మంటగా ఉండి, గుట్కా లేదా వక్కపొడి అలవాటుంటే అది దవడ కీలు సమస్య కాకపోవచ్చు. బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బు అది, క్యాన్సర్‌కు దారితీయగలది. ఆ వారంలోనే నోటి వైద్య నిపుణులకు చూపించండి, గుట్కా ఆ రోజే ఆపేయండి.